సంతలో కొన్న గొర్రెల బొమ్మ, కింద చేతిరాత డచ్ పద్యం: నిజంగా పాతదేనా?

జ్వొల్లె_కోడలు (1)
ఏప్రిల్ 27న ఇక్కడ, నెదర్లాండ్స్‌లో, రాజుగారి పుట్టినరోజు. మేముండేది జ్వొల్లె అనే ఊళ్ళో. ఊరు ఊరంతా రోడ్ల మీద దుప్పట్లు పరిచి ఇంట్లో పాత సామానంతా అమ్ముకుంటారు. మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర చిన్న ఫ్రేము కొన్నాను. అరచేతికి కాస్త పెద్దది. పైన నీళ్ళరంగుల బొమ్మ: ఊదారంగు పూల బీడు, ఒక చెట్టు, దాని కింద గొర్రెల గుంపు, అటు తిరిగి నిలబడ్డ కాపరి. బొమ్మ కింద నాలుగు లైన్ల పద్యం, చేత్తో రాసింది, అక్షరాలన్నీ గొలుసులా అల్లుకుపోయి ఉన్నాయి. మూలల్లో అట్ట కింద సగం దాక్కుని ఏవో బుల్లి అక్షరాలు. ఒక మూల మాత్రం 8961 అని అంకె స్పష్టంగా ఉంది.

ఆయనేమో "పదిహేడో శతాబ్దం, మన ఊరి టెర్ బోర్ఖ్ వాళ్ళ తరహా, ఆ అంకె ఏదో కలెక్షన్ నంబరు" అన్నాడు. 60 యూరోలు చెప్పి 45కి ఇచ్చాడు. "45 యూరోలకి పదిహేడో శతాబ్దం వస్తుంటే రెండు తెచ్చుకోవాల్సింది" అని మా ఆయన రాత్రి నుంచి ఒకటే పాట. ఆరేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ చేతిరాత ఒక్క ముక్క కూడబలుక్కోలేకపోయాను. ఫోటో పెట్టాను చూడండి. మోసపోయానా?

తిక్క_శంకరం (2)
మోసపోయారు. తరవాతి ప్రశ్న?

నీళ్ళరంగు (3)
తిక్కన్నా, ఫోటో అయినా తెరిచావా?
బొమ్మ బాగుందండీ. ఆకాశానికి ఒక్క చేతిలో తడి రంగు లాగేసి వదిలేశారు, చెట్టు దగ్గర మాత్రం ఆరాక రెండోసారి వేశారు. అలవాటున్న చెయ్యే. ప్రింటు అయితే కాదు అనిపిస్తోంది. భూతద్దంతో చూసి చుక్కలు చుక్కలుగా కనపడితే చెప్పండి.

జ్వొల్లె_కోడలు (4)
చూశాను, చుక్కల్లేవు. రంగు అంచుల్లో ముదురు గీతలా పేరుకుంది.

నీళ్ళరంగు (5)
అయితే చేత్తో వేసిందే. ఎప్పుడు వేశారన్నది వేరే లెక్క.

నిశాచరి (6)
టెర్ బోర్ఖ్ అంటే ఆ తెల్ల సాటిన్ గౌన్ల పెయింటరేగా? ఆయన నూనె రంగులవాడు కదా, పద్యాలెక్కడివి?

చుక్కల_ముగ్గు (7)
పెద్దాయన అన్నది ఆయన గురించి అయ్యుండదు, చెల్లెలి గురించి. ఖెసీనా టెర్ బోర్ఖ్. 1631లో పుట్టింది, 1690లో పోయింది, ఉన్నదంతా జ్వొల్లెలోనే. సాటిన్ గౌన్ల గెరార్డ్ టెర్ బోర్ఖ్ ఆమెకి సవతి అన్న. తండ్రి పేరు కూడా గెరార్డే. ఆయన కుర్రతనంలో ఇటలీ వెళ్ళి బొమ్మలు వేసుకుని, తిరిగొచ్చి సుంకాల ఉద్యోగంలో కుదురుకున్నాడు. తన బొమ్మల ముచ్చట పిల్లల మీద తీర్చుకున్నాడన్నమాట. పిల్లలు గీసిన ప్రతి పిచ్చిగీతా దాచి, వెనక పేరూ తేదీ రాసి పెట్టేవాడు. అందుకే ఆ ఇంటి కాగితాలు ఇన్ని మిగిలాయి.

ఖెసీనా మూడు పుస్తకాలు నింపింది. మొదటిది 1646లో, పద్నాలుగు పదిహేనేళ్ళప్పుడు, అందమైన చేతిరాత అభ్యాసంతో మొదలైంది. రెండోది 1652 నుంచి, పద్యాల పుస్తకం. ఒక పక్క పాట, పక్కన దానికి తగ్గ నీళ్ళరంగుల బొమ్మ. కాపరులు, కాపరి కన్నెలు, ప్రేమలో పడి మోకాళ్ళ మీద కూలబడ్డ పెద్దమనుషులు. మూడోది బొమ్మలన్నీ చేర్చుకున్న పుస్తకం. మూడూ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉన్నాయి, వాళ్ళ సైట్‌లో పేజీ పేజీ పెద్దది చేసి చూడొచ్చు. నేను ఒక రాత్రంతా చూశాను, పొద్దున ఆఫీసులో నిద్రపోయాను.

తిక్క_శంకరం (8)
పేరు గెసీనా అనాలా, హెసీనా అనాలా?

ఉట్రెక్ట్_బావ (9)
గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు "ఖ" అను. ముల్లు బయటికొస్తే ఉచ్చారణ సరిపోయినట్టు.

తిక్క_శంకరం (10)
సరే. (7)కి నా అభ్యంతరం ఒకటుంది. జ్వొల్లెలో వర్షం, బురద, చలి. సుంకాల అధికారి కూతురు ఎప్పుడైనా గొర్రెను ముట్టుకుందా? సాటిన్ బట్టలేసుకుని గొర్రెలు కాసే అమ్మాయిలు ఏ దేశంలోనూ లేరు. డబ్బున్నవాళ్ళు పేదల వేషం కట్టి ఆడుకున్న ఆట, దానికి కవిత్వం ఒకటి తోడు.

చుక్కల_ముగ్గు (11)
ఆటే, అది వాళ్ళకీ తెలుసు. కవి హోఫ్ట్ 1605లో గ్రానిడా అనే నాటకం రాశాడు. పర్షియా రాజకుమారి వేటలో దారి తప్పితే డైఫిలో అనే కాపరి గవ్వలో నీళ్ళు పట్టి తెచ్చిస్తాడు, కథ అక్కణ్ణుంచి నడుస్తుంది. ఉట్రెక్ట్ చిత్రకారులు 1620ల్లో ఆ గవ్వ ఘట్టం వేశారు. తరవాత ఇళ్ళల్లో కూతుళ్ళకి గడ్డి టోపీ పెట్టి, చేతికి కాపరి కర్ర ఇచ్చి బొమ్మలు వేయించడం మొదలైంది. మన స్టూడియోల్లో పిల్లాడికి నెమలిపింఛం కట్టి కృష్ణుడి ఫోటో తీయించినట్టే. వెన్న దొంగిలించాడని ఎవరూ కేసు పెట్టరుగా.

నిశాచరి (12)
:) :) కృష్ణుడి ఫోటో నాకూ ఉంది. ఏడుస్తూ.

గొంగడి (13)
ఇప్పటిదాంక సదువుకుంట వచ్చిన. మాది పాలమూరు దిక్కు. మా తాత గొర్లు కాసిండు, మా నాయిన ఇంటర్ దాంక కాసిండు, నేను ఎండకాలం సెలవులల్ల కాసిన. శంకరం సారు చెప్పింది సగం నిజం. మా ఇంట్ల గొర్ల మీద కవిత్వం లేదు. కాళ్ళల్ల తుమ్మముండ్లు, వానల తడిసిన గొంగడి బరువు, రాత్రి తోడేలు భయం, గంతే. పాటలేమో ఉన్నయి, మల్లన్న కథ ఒగ్గోళ్ళు చెప్తుంటే తెల్లార్లు కూసునేటోళ్ళు. అది వేరే.

గని అక్కా, మీ బొమ్మ పెద్దగ జేసి చూసిన. చెట్టు కింద గొర్లు ఎట్ల నిలవడ్డయో చూడుండ్రి. తలకాయలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టుకొని ముద్దగ ఉన్నయి. ఎండ గొట్టినప్పుడు గొర్లు గట్లనే చేస్తయి, మొకాలకు నీడ కావాలె, ఈగలు తగలొద్దు. బొమ్మల పుస్తకం చూసి గీసినోడైతే గొర్రెకు గొర్రెకు జాగ ఇడిసి, మొకాలన్ని మనదిక్కు పెడ్తడు. ఇది గీసినోడు గొర్లను నిలవడి చూసినోడే.

నీళ్ళరంగు (14)
ఇది నాకు తట్టనే లేదు! నేను "గుంపు సరిగ్గా విడదీయలేదు, చెయ్యి తిరగలేదు" అని మనసులో మార్కులు తగ్గించాను.

గొంగడి (15)
మార్కులు వాపస్ ఇయ్యుండ్రి.

ఒక మాట అడుగుత. కాపరి చేతిల కర్ర కొసకు చిన్న పార లెక్క ఉన్నది. అదేంది? మా దిక్కు కొసకు వంకీ ఉంటది, కొమ్మలు వంచనీకి.

ఉట్రెక్ట్_బావ (16)
అదే అసలైన యూరప్ కాపరి కర్ర. కొసన ఉన్న చిన్న పారతో మట్టిబెడ్డ ఎత్తి, దారి తప్పిన గొర్రె పక్కన పడేలా విసురుతారు. గొర్రె ఉలిక్కిపడి గుంపులోకొస్తుంది. (11)లో ముగ్గుగారన్న పోర్ట్రెయిట్లలో ఆడపిల్లల చేతుల్లో ఉండేదీ ఇదే, కాకపోతే వాళ్ళు దానితో మట్టెత్తిన పాపాన పోలేదు.

గొంగడి (17)
మేం రాయి ఇసురుతం. సంగతి ఒకటే.

పాతకాగితం (18)
చర్చ గొర్రెల వెంట పోయింది గానీ అడిగిన ప్రశ్న కాలం గురించి. నేను ముప్పయ్యేళ్ళు పాత పుస్తకాల బైండింగ్ పని చేశాను, తెలిసినంత చెబుతాను.

మొదటిది కాగితం. పదిహేడో శతాబ్దంలో యూరప్ కాగితం అంటే పాత గుడ్డపేలికల గుజ్జు, తీగల జల్లెడ మీద ఎత్తింది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే దగ్గర దగ్గర సన్నగీతలు, వాటికడ్డంగా వేలెడు ఎడంలో ముదురు గీతలు కనపడాలి. గీతల్లేని నున్నటి కాగితం పద్దెనిమిదో శతాబ్దం నడిమికి గానీ రాలేదు.

రెండోది సిరా. అప్పటి రాతసిరా మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మజిగురు వేసి చేసింది. రాసినప్పుడు లేతగా ఉండి గాలికి నల్లబడుతుంది, వందల ఏళ్ళకి గోధుమరంగుకి తిరుగుతుంది, ఒక్కోచోట కాగితాన్నే తినేస్తుంది. కలంకారీవాళ్ళు కరక్కాయ పెట్టిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరేసిన నీళ్ళతో నల్లగీత గీస్తారే, ఆ వరసలోదే. ఆ సిరా మీద నీటిచుక్క పడినా సాధారణంగా అలుక్కుపోదు.

ఇప్పుడు మీ ఫోటోలో మూడో లైను చివర చూడండి. ఒక నీటిచుక్క పడి నీలిరంగు మబ్బులా వ్యాపించింది. అది ఫౌంటెన్ పెన్ సిరా అమ్మా. మన బ్రిల్ సిరాలాంటిది.

జ్వొల్లె_కోడలు (19)
అయ్యో. ఆ నీలం మబ్బు చూసే కదా "ఎవరో ఏడ్చి ఉంటారు, ఎంత కవిత్వం" అని కొన్నాను.

తిక్క_శంకరం (20)
45 యూరోల కన్నీటిచుక్క. (2)లో నేను చెప్పిందే.

బందరు_లడ్డు (21)
కన్నీటి సంగతి పక్కన పెట్టి ఒక చిన్న ముక్క. డచ్చివాళ్ళు అనగానే మా ఊరు గుర్తొస్తుంది. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో బందర్లో గిడ్డంగి పెట్టారు, ఇక్కణ్ణుంచి అద్దకం బట్టలు ఓడలకెత్తేవారు. (7)లో చెప్పిన రైక్స్‌మ్యూజియంలోనే గోల్కొండలో వేయించిన రాజుల బొమ్మల ఆల్బమ్ ఒకటుంది, 1686 ప్రాంతంది, 49 బొమ్మలు. ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా చేసిన నికొలాస్ విట్సెన్ దగ్గర ఉండేది. అంటే ఖెసీనా జ్వొల్లెలో కాపరుల బొమ్మలు అంటించుకుంటున్న రోజుల్లోనే, మన చిత్రకారులు ఇక్కడ కూచుని వేసిన బొమ్మలు అటు ప్రయాణం కట్టాయి. ఈ ఫ్రేముకీ దానికీ సంబంధం లేదు, ఊరికే చెప్పాలనిపించింది.

నిశాచరి (22)
ఇలాంటి సంబంధంలేని ముక్కల కోసమే నేను ఈ చర్చలు చదివేది.

తిక్క_శంకరం (23)
ఇంకో అనుమానం, ఈసారి నిజంగానే అడుగుతున్నాను. ఖెసీనా రాసిన పాటలు ఆమె సొంతమా?

చుక్కల_ముగ్గు (24)
ఎక్కువ భాగం కాదు. అప్పట్లో చేతిలో ఇమిడే పాటల పుస్తకాలు అచ్చయ్యేవి, వాటిల్లోంచీ వాళ్ళనీ వీళ్ళనీ అడిగీ ఎత్తి రాసుకుంది. హెండ్రిక్ యోర్డిస్ అనే ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడికి ఆమె మీద మనసుండేది, అతని పద్యాలూ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆమె ఎవర్నీ పెళ్ళి చేసుకోలేదు.

తిక్క_శంకరం (25)
అదే నేననేది. పద్యం ఎవరిదో. కాపరి బొమ్మల తీరు అందరిదీ. మిగిలింది చేతిరాత. ఎత్తి రాసుకున్న నోట్‌బుక్కుని మ్యూజియంలో పెట్టి కళ అనడం ఈ మధ్య వచ్చిన మోజు. ఆడవాళ్ళ పేర్లు కావాలి కాబట్టి తవ్వుతున్నారు.

చుక్కల_ముగ్గు (26)
దీనికి నిమ్మళంగా జవాబు చెప్పాలని పొద్దున్నుంచి ఆగాను. ఆగింది చాలు.

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లె. చదువు అయిదో తరగతి. ఆవిడ దగ్గర ఒక మంగళహారతుల పుస్తకం ఉండేది. నోట్‌బుక్ అంటే కొన్నది కాదు, తాతయ్య కొట్టు లెక్కల పుస్తకంలో మిగిలిన పేజీలు. ఒక పక్క ఎరువుల బస్తాల పద్దు, తిప్పితే అమ్మమ్మ రాత. పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, శ్రావణ శుక్రవారం హారతులు. ఒక్కటీ ఆవిడ కట్టింది కాదు. ఎక్కడ పేరంటానికి వెళ్ళినా కొత్త పాట వినపడితే పక్కావిడని మళ్ళీ చెప్పించుకుని, ఇంటికొచ్చి వంటయ్యాక రాసుకునేది. పాట మీద "వరస" అని రాసి ఫలానా సినిమా పాట అని పెట్టేది. సినిమా పాట వరసలో లక్ష్మీదేవి హారతి. మార్జిన్లో ఆ పండక్కి వేసే ముగ్గు, చుక్కల లెక్కతో సహా. ఒక అప్పగింతల పాట పక్కన మాత్రం ముగ్గు లేదు, చిన్న పడవ వేసుంది. మా అమ్మని కాపరానికి లంక ఊరికి పడవలో పంపారు.

ఆ పాట ఆవిడది కాదు. పడవ ఎవరిది శంకరంగారూ?

అప్పటి డచ్ పాటల పుస్తకాల్లోనూ చాలావాటిలో స్వరాలుండవు, పాట మీద "ఫలానా పాట వరస" అని మాత్రమే ఉంటుంది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అక్కడ పద్యం ఊళ్ళో అందరిదీ. దాన్ని ఎంచుకోవడం, పక్కన ఏ బొమ్మ వెయ్యాలో తోచడం, ఆ పేజీ ఎవరికి చూపించాలో అనుకోవడం ఆమెది.

బందరు_లడ్డు (27)
పడవ దగ్గర ఆగిపోయాను.

ఉట్రెక్ట్_బావ (28)
"మధ్య వచ్చిన మోజు" మీద చిన్న దిద్దుబాటు. 2021 మార్చి 8న రైక్స్‌మ్యూజియం వాళ్ళు తమ ముఖ్యమైన హాల్లో, వెర్మీర్ వేసిన పాలమ్మాయి బొమ్మ ఉన్నచోట, మొదటిసారి ఆడ చిత్రకారుల పటాలు మూడు పెట్టిన మాట నిజం. యూడిత్ లేస్టెర్, రాఖెల్ రౌస్, మన ఖెసీనా. ఆలస్యంగా పెట్టారంటే ఒప్పుకుంటాను, అనవసరంగా పెట్టారంటే ఒప్పుకోను. ఖెసీనా పటం తమ్ముడు మోజెస్‌ది. 1667లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో కోట ముట్టడిలో పోయాడు, 22 ఏళ్ళు. ఆ పటం అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి వేశారు.

నిశాచరి (29)
ఎత్తి రాసుకోవడం అంటే వాన్ గోహ్ కూడా చేశాడు. ఇంకా చిత్రకారుడు కాకముందు, 1870ల్లో, నచ్చిన పద్యాలన్నీ చిన్న నోట్‌బుక్కుల్లో ఎత్తి తమ్ముడు థియోకి ఇచ్చాడు, మాథైస్ మారిస్ అనే పెయింటర్‌కీ ఇచ్చాడు. ఆయన్ని ఎవరూ "కాపీ" అనలేదే.

తిక్క_శంకరం (30)
అందరూ ఒకేసారి పడకండి. పడవ సంగతి ఒప్పుకుంటున్నాను. మ్యూజియం సంగతి ఆలోచించి చెబుతాను.

నీళ్ళరంగు (31)
వాన్ గోహ్ పేరొచ్చింది కాబట్టి: ఆయనకి నీళ్ళరంగులు పట్టుకోవడం నేర్పింది ఆంటోన్ మౌవె, 1881 చివర్లో, హేగ్‌లో. మౌవె చుట్టం కూడా. మౌవె అంటేనే గొర్రెలు. బీడు, మబ్బు, గొర్రెలు, కాపరి, అంతే జీవితం. అమెరికా వాళ్ళు ఎగబడి కొనేవారట. మనవైపు వచ్చే గొర్రెలకి ఒక రేటు, అటు పోయే గొర్రెలకి అంతకన్నా తక్కువ అని జోకు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కోడలుగారూ, మీ బొమ్మలో మొహాలే కనపడవు. బేరం ఇంకా ఆడాల్సింది.

జ్వొల్లె_కోడలు (32)
ఇది మా ఆయనకి చూపించను.

ఉట్రెక్ట్_బావ (33)
ఆగండాగండి. మా ఆవిడ ఇక్కడి మనిషి. ఇప్పుడే టీ కప్పుతో వచ్చి భుజం మీంచి మీ ఫోటో చూసి కప్పు కింద పెట్టి నవ్వుతోంది. ఫ్రేము విప్పి మూలలు పూర్తిగా కనపడేలా ఫోటో పెట్టమంటోంది. ఆ 8961ని తలకిందులుగా చూడమంటోంది.

నిశాచరి (34)
ఫోన్ తిప్పి చూశా. 1968!!!!

తిక్క_శంకరం (35)
నేను లాప్‌టాప్ తిప్పా. టీ ఒలికింది. 1968 నిజమే.

ఉట్రెక్ట్_బావ (36)
ఆవిడ చెప్పింది తెలుగులో పెడుతున్నా. ఇక్కడ బళ్ళో ఆడపిల్లల దగ్గర "పూఝీ ఆల్బమ్" అని చిన్న పుస్తకం ఉండేది. స్నేహితులకి, టీచర్‌కి, అత్తకి, మామ్మకి వంతులవారీగా ఇస్తే తలా ఒక పేజీలో పద్యం రాసిచ్చేవారు. మన ఆటోగ్రాఫ్ పుస్తకంలాంటిదే, కాకపోతే కాలేజీ చివరిరోజు దాకా ఆగరు. పద్యం చుట్టూ మూలల్లో టిప్, టాప్, టోప్ అని రాసి, నాలుగో మూల తేదీని తలకిందులు చేస్తారు. "టిప్ టాప్ టోప్, తేదీ తలకిందులు" అని ప్రాస వాళ్ళ భాషలో. ఆవిడ దగ్గరా ఒకటుంది, ఆమెది 1979. ఒక పేజీలో టీచరు రాసిన పద్యం కింద కోడిగుడ్డు ఆకారంలో సూర్యుడున్నాడు.

మీ పద్యం కూడా చదివింది. వాళ్ళలో ప్రతి మూడో పేజీలో ఉండేదేనట: "రోజెన్ వెర్వెల్కెన్, స్ఖేపెన్ వెర్ఖాన్..." గులాబీలు వాడిపోతాయి, ఓడలు మునిగిపోతాయి, మన స్నేహం మాత్రం ఎన్నటికీ ఉంటుంది.

బందరు_లడ్డు (37)
మన "చీకట్లో చిరుదీపం, నీ స్నేహం నాకు ప్రాణం" బాపతు అన్నమాట :) ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో నేనూ చాలా రాశాను, ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడతాయి.

పాతకాగితం (38)
అయితే సిరా లెక్క సరిపోయింది.

జ్వొల్లె_కోడలు (39)
విప్పాను. వెనక గోధుమరంగు టేపు ఎండి పెళుసుబారిపోయింది, కూరగాయల చాకుతో తీశాను. అట్ట లేపగానే మూలలు కనపడ్డాయి. ఎడమ పైన టిప్, కుడి పైన టాప్, ఎడమ కింద టోప్. అచ్చం బావగారి ఆవిడ చెప్పినట్టే!

ఎడమ అంచున మూడు దారపు రంధ్రాలు, ఒక దాంట్లో తెల్లదారం ముక్క ఇంకా ఉంది. కాగితం వెనక నిగనిగలాడే గులాబీల బుట్ట బొమ్మ అంటించి ఉంది, అంచుల్లో మెరుపుపొడి. సగం నా వేళ్ళకి అంటుకుంది. లైటుకి ఎదురుగా పెట్టి చూశాను, గీతల్లేవు.

అట్ట కింద పద్యం తరవాత ఇంకో లైను బయటపడింది. "యె ఓపా" అని రెండు మాటలు నాకే అర్థమయ్యాయి. నీ తాత.

నిశాచరి (40)
తాతా!!

తిక్క_శంకరం (41)
తాత మనవరాలికి స్నేహం పద్యం రాస్తాడా? తప్పు పద్యం ఎత్తి రాసినట్టున్నాడు.

చుక్కల_ముగ్గు (42)
ఆయనకి వచ్చింది అదొక్కటేనేమో. ముందు పేజీలో ఎవరో పిల్ల రాసింది చూసి ఎత్తి ఉంటాడు. పద్యం సంగతి తెలీదు గానీ బొమ్మ దగ్గర మాత్రం ఎవర్నీ చూడలేదు, (13) మళ్ళీ చదవండి.

గొంగడి (43)
నేను అప్పుడే చెప్పిన. ఆ తాత గొర్లు కాసినోడు, లేకుంటే కాసేటోని పక్కన పెరిగినోడు. తలలు కడుపుల కింద పెట్టుడు ఊకె తెల్వది. మా తాతకు గిట్ల రంగులు ఇచ్చి ఉంటే ఏం గీసేటోడో. ఆయన బీడీ కట్ట మీద కాగితంల గొర్ల లెక్క రాసేటోడు, పుల్లతోని గీతలు. ఒక గీత పక్కన చిన్న కొమ్ములు గీసేటోడు, అది పొట్టేలు.

నీళ్ళరంగు (44)
ఆ కాగితాలు ఉన్నాయా అన్నా?

గొంగడి (45)
లెవ్వు. పొయ్యిలకు పొయినయి.

ఉట్రెక్ట్_బావ (46)
మా ఆవిడ ఇంకోటి గమనించింది. ఊదారంగు పూలు ఆ బీళ్ళల్లో ఎక్కువగా ఆగస్టులో పూస్తాయి. తేదీలో నెల ఏమైనా ఉందా?

జ్వొల్లె_కోడలు (47)
ఏడాది ముందు ఒక అంకె ఉంది, 2. తలకిందులు చేసినా 2 లాగే ఉంది. ఫిబ్రవరి అయితే ఆ పూలు లేవుగా?

చుక్కల_ముగ్గు (48)
బయట చలి, ఇంట్లో కూచుని ఆగస్టు గుర్తు చేసుకుని వేశాడు. శంకరంగారూ, ఇదీ అబద్ధపు కళేనా?

తిక్క_శంకరం (49)
నేను (30)లోనే లొంగిపోయాను, మళ్ళీ మళ్ళీ కొడతారేం.

పాతకాగితం (50)
ఒక పనికొచ్చే మాట. మళ్ళీ ఆ పాత అట్టతో బిగించకండి, దాని ఆమ్లానికి కాగితం పసుపెక్కుతుంది. ఆమ్లం లేని అట్ట అడగండి. ఎండ పడే గోడకి వద్దు, నీళ్ళరంగూ పెన్ను సిరా రెండూ వెలిసిపోతాయి. మ్యూజియంవాళ్ళు కూడా ఇలాంటివి మసక వెలుతుర్లో కొన్ని నెలలు చూపించి మళ్ళీ చీకట్లో పెట్టేస్తారు. టేపు అసలొద్దు.

నిశాచరి (51)
ఇంతకీ పెద్దాయనకి తెలిసే 17వ శతాబ్దం అన్నాడా?

జ్వొల్లె_కోడలు (52)
నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. డబ్బు అడగడానికి కాదు, మిగిలిన పేజీలు ఉన్నాయేమో అని. ఆయన తలుపు తీసి నా చేతిలో ఫ్రేము చూసి "వాపసు లేదు" అన్నారు ముందే. పేజీల సంగతి అడిగితే, ఆయన కూడా పోయినేడు ఇదే సంతలో వేరేవాళ్ళ దగ్గర ఫ్రేముతో సహా కొన్నారట. ఎంతకి అని అడిగాను. చెప్పలేదు. టెర్ బోర్ఖ్ కథ కూడా వాళ్ళు చెప్పిందేనట, ఈయన నమ్మారో లేదో మొహం చూస్తే తెలీలేదు. కాఫీ ఇచ్చారు, ఒకే ఒక్క బిస్కెట్‌తో.

తలకిందుల తేదీ చూపిస్తే కళ్ళజోడు తెచ్చుకుని చూసి చాలాసేపు నవ్వారు. వాళ్ళ చెల్లెలి ఆల్బమ్‌లో తనూ రాశాడట, అదే గులాబీల పద్యం.

బందరు_లడ్డు (53)
బిస్కెట్ ఒక్కటే అన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు హాలండ్.

మోడరేటర్ (54)
దేశాల మీద జోకులు తగ్గించండి. (బిస్కెట్ జోకు ఉండనిస్తున్నాను.)

చుక్కల_ముగ్గు (55)
కోడలుగారూ, గోడ మీద ఎలా పెడుతున్నారు?

జ్వొల్లె_కోడలు (56)
కొత్త అట్ట నాలుగు మూలలూ కనపడేలా కోయించాను. మా ఆయన దాటినప్పుడల్లా మెడ వంచి తేదీ చదువుతున్నారు. "45 యూరోలు" పాట ఆగింది. ఇప్పుడు "గొర్రెల మొహాలేవి" అని కొత్త పాట. (31) ఎవరో ఆయనకి చూపించారు.

నీళ్ళరంగు (57)
నేను కాదు.

కొత్తసభ్యుడు_77 (58)
నమస్తే అందరికీ, మా ఇంట్లో కూడా ఇలాంటి ఫ్రేము ఉంది, గొర్రెలు ఉన్నాయి, మూలలో నంబరు కూడా ఉంది. ఎంత రేటు పలుకుతుందో ఎవరైనా చెప్పగలరు

తిక్క_శంకరం (59)
ముందు ఫ్రేము తిప్పి చూడు నాయనా.

గొంగడి (60)
గొర్ల మొకాలు ఎటు ఉన్నయి?